గ్యాస్ ఫైర్‌ప్లేస్ చిమ్నీకి ఏ లైనర్ మేలు: అల్యూమినియమా, 316ఎల్ స్టీలా?

న్యూజెర్సీలోనో ఇల్లినాయ్‌లోనో పాత ఇల్లు కొన్నవాళ్లు హాల్లోని కట్టెల ఫైర్‌ప్లేస్‌ను గ్యాస్‌కు మార్చాలనుకుంటే, ఒక కాంట్రాక్టర్ అల్యూమినియం లైనర్ (చిమ్నీ లోపల దించే గొట్టం) అంటాడు, ఇంకొకరు 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్ తప్ప వద్దంటారు. ధరలో తేడా ఎక్కువే. కానీ లోహం సంగతి తర్వాత. ముందు తేలాల్సింది ఏ రకం గ్యాస్ యూనిట్ పెడుతున్నారన్నది.

అసలు లైనర్ ఎందుకు? కిలో మీథేన్ కాలితే సుమారు రెండుంపావు కిలోల నీటి ఆవిరి పుడుతుంది. కట్టెల పొగ కోసం కట్టిన వెడల్పాటి గొట్టంలో గ్యాస్ పొగ నెమ్మదిగా పైకెక్కుతూ చల్లారి, ఆ ఆవిరి గోడల మీద నీరుగా దిగుతుంది. ఆ నీటికి ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి చిమ్నీ లోపలి మట్టి టైళ్ల మధ్య మోర్టార్‌ను తినేస్తుంది. చిమ్నీ ఇంటి బయటి గోడకు ఉంటే ఇది మరీ ఎక్కువ. సహజ డ్రాఫ్ట్‌తో, అంటే ఫ్యాను లేకుండా వేడి పొగ తనంతట తాను పైకెక్కడంతో, పనిచేసే యూనిట్‌కు, దాని అవుట్‌లెట్ వైశాల్యానికి ఏడు రెట్లు మించిన గొట్టం పనికిరాదని అక్కడి గ్యాస్ కోడ్ చెబుతుంది. 4 అంగుళాల అవుట్‌లెట్ అంటే 12.6 చదరపు అంగుళాలు. దానికి ఏడు రెట్లు 88. 13×13 అంగుళాల మట్టి టైల్ లోపలి వైశాల్యం 120 దాటుతుంది. లైనర్ వేయక తప్పదు.

ఇక యూనిట్ రకాలు. ఉన్న ఫైర్‌ప్లేస్‌లోనే అమర్చే వెంటెడ్ గ్యాస్ లాగ్స్ (కట్టెల్లా కనిపించే గ్యాస్ బర్నర్) అయితే ఈ చర్చే అక్కర్లేదు. వాటికి కట్టెలు కాల్చడానికి పనికొచ్చే పూర్తి చిమ్నీ కావాలి, డ్యాంపర్ (పొగదారికి ఉండే మూత) మూసుకోకుండా క్లాంప్ బిగించాలి. 4 అంగుళాల లైనర్‌కు కుదిస్తే పొగ ఇంట్లోకే వస్తుంది. లైనర్ ఎంపిక ఇన్సర్ట్ (ఫైర్‌ప్లేస్ గూట్లో దూర్చే గ్యాస్ పెట్టె) పెట్టేవాళ్లది.

బి-వెంట్ ఇన్సర్ట్‌కు ఒకే గొట్టం, మామూలుగా 4 అంగుళాలది. మంటకు గాలి గదిలోంచే తీసుకుంటుంది. డైరెక్ట్ వెంట్‌కు రెండు గొట్టాలు, ఎక్కువగా 3 అంగుళాలవి: ఒకటి పొగకు, రెండోది బయటి గాలిని దించడానికి. ముందు అద్దం పూర్తిగా సీలు చేసి ఉంటుంది.

లోహం మేలోకీడో తేల్చేది ఈ గాలి తేడానే. అల్యూమినియాన్ని త్వరగా చెడగొట్టేది క్లోరిన్. బ్లీచ్, బట్టల సబ్బులు, పెయింట్ తొలగించే ద్రావకాల ఆవిర్లు మంటలో పడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారై, పలుచని రేకుకు చిల్లులు పెడుతుంది. బి-వెంట్ పీల్చేది ఇంటి గాలినే కాబట్టి దానికి 316ఎల్ స్టీల్ వేయించడమే మంచిది. మాన్యువల్ అల్యూమినియాన్ని ఒప్పుకున్నా మా సలహా ఇదే. 304 స్టీల్ చవకగా ఉందని తీసుకోవద్దు. 316లో ఉండే రెండు మూడు శాతం మాలిబ్డినమే క్లోరైడ్ వల్ల పడే గుంతలను ఆపేది, 304లో అది ఉండదు.

డైరెక్ట్ వెంట్‌కు గాలి బయటి నుంచి వస్తుంది. తయారీదారు మాన్యువల్‌లో అనుమతి ఉంటే రెండు పొరల అల్యూమినియం దానికి చాలు, స్టీల్‌కు అదనంగా పెట్టిన డబ్బుకు పెద్ద ప్రయోజనం ఉండదు. ఒక్క షరతు: ఆ చిమ్నీలో మళ్లీ ఎప్పుడైనా కట్టెలు కాల్చే ఆలోచన ఉంటే, అప్పుడు ఈ లైనర్ తీసేయాల్సిందే. కట్టెల మంటకు అల్యూమినియం కరిగిపోతుంది.

ఏఎల్ 29-4సి అనే ఖరీదైన మిశ్రమం నీరు కారే అధిక సామర్థ్య పరికరాల కోసం. మాన్యువల్ అడిగితే తప్ప ఫైర్‌ప్లేస్‌కు అక్కర్లేదు. లోపల సిమెంట్ మిశ్రమం పోసే లైనర్ ఖర్చు ఎక్కువ. ఇటుకల కట్టడమే బలహీనపడ్డ చోట మాత్రం దానికి విలువ ఉంది.

బిగింపులో తప్పు జరిగితే ఏ లోహమూ కాపాడదు. ముడతల గొట్టంలో రాపిడి ఎక్కువ కాబట్టి, గ్యాస్ కోడ్‌లోని సహజ డ్రాఫ్ట్ పట్టికలో ఇచ్చిన గరిష్ఠ సామర్థ్యంలో 20 శాతం తగ్గించి లెక్కేయాలి. డ్యాంపర్ ఫ్రేము అడ్డొస్తే దాన్ని కోయాలి గానీ గొట్టాన్ని నలిపి దూర్చకూడదు. ఇద్దరు మనుషులు, ఒకరు పైనుంచి వదులుతూ ఒకరు కింద అందుకుంటూ దించాలి. టైల్ అంచుకు గీసుకుంటే అల్యూమినియం చిరుగుతుంది, ఆ చిరుగు బయటికి కనిపించదు. డైరెక్ట్ వెంట్‌లో పొగ గొట్టానికి రెండు చివర్లా గుర్తు పెట్టాలి. పైన క్యాప్ దగ్గర రెండూ తారుమారైతే మంట వెలిగినట్టే వెలిగి ఆరిపోతుంది. బయటి గోడ చిమ్నీలో బి-వెంట్ స్టీల్ లైనర్‌కు అర అంగుళం ఇన్సులేషన్ చుట్టించండి. పని మొదలవకముందే కెమెరాతో లెవెల్ 2 తనిఖీ చేయించాలి. లైనర్ మార్చేటప్పుడు అమెరికా అగ్నిభద్రతా సంస్థ ఎన్ఎఫ్‌పీఏ వారి 211 ప్రమాణం దాన్ని కోరుతుంది.

మన ఇళ్లకు ఇంకో సంగతి ముఖ్యం. తాలింపు ఘాటు పోవడానికి పెద్ద రేంజ్ హుడ్ పెట్టించుకుంటాం. అది ఇంటి గాలిని బయటికి తోసే కొద్దీ బి-వెంట్ పొగ వెనక్కి రావచ్చు. అలాంటి ఇంట్లో డైరెక్ట్ వెంటే తీసుకోండి. బి-వెంట్ ఇప్పటికే ఉంటే తలుపులు, కిటికీలు మూసి, రేంజ్ హుడ్ పూర్తి వేగంతో తిప్పి, ఇన్సర్ట్ వెలిగించిన ఐదు నిమిషాలకు దాని డ్రాఫ్ట్ హుడ్ (పొగ గొట్టం మొదట్లో గది గాలి లోపలికి వెళ్లే సందు) దగ్గర అగరుబత్తి పట్టుకుని చూడండి. అగరుబత్తి పొగను అది లోపలికి లాగాలి. గదిలోకి మళ్లితే గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి, లైసెన్సు ఉన్న టెక్నీషియన్ వచ్చి చూసేదాకా మళ్లీ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర ముందే పెట్టించి ఉండాలి.