అపార్ట్‌మెంట్ నాయిస్‌లో 40 మీటర్ల హ్యామ్ రేడియో బ్యాండ్ వినాలంటే: బీహెచ్‌ఐ డీఎస్పీ స్పీకర్ మీద నా అభిప్రాయం

ముందే చెప్పేస్తా, రేడియోలో గొంతు వెనక వచ్చే రొదని తగ్గించే ఈ స్పీకర్ పెట్టాక నాకు కొత్త స్టేషన్లేవీ వినపడలేదు, ఇదివరకు వినపడినవే ఇప్పుడు తలనొప్పి లేకుండా గంటల తరబడి వినగలుగుతున్నా. ఆ సుఖం కావాలనుకునేవాళ్ళకి కొనుక్కోమనే చెప్తా. నాయిస్‌లో పూర్తిగా మునిగిపోయిన సిగ్నల్ పైకి తేలుతుందని ఆశ ఉంటే మాత్రం ఆ డబ్బులు యాంటెన్నా మీద పెట్టండి.

మాది విజయవాడ సత్యనారాయణపురం, అపార్ట్‌మెంట్ డాబా మీద 40 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ (తీగ యాంటెన్నా). చుట్టూ ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, సెట్‌టాప్ బాక్సులు, రౌటర్ అడాప్టర్లు, వీటిల్లో ఉండే ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు) అన్నీ కలిసి సాయంత్రం అయ్యేసరికి 7 మెగాహెర్ట్జ్ మీద, అంటే ఈ బ్యాండ్ మీదే, రిగ్ (రేడియో సెట్టు) సిగ్నల్ మీటర్లో ఎస్ 7 నాయిస్ లేపుతాయి. రిగ్ బ్యాటరీ మీద నడుస్తుండగా వీధిలో కరెంటు పోతే మీటరు ఒక్కసారిగా ఎస్ 2కి పడిపోయి, బ్యాండ్ ఇంత ప్రశాంతంగా ఉంటుందా అనిపిస్తుంది. అంటే మనల్ని చంపేది ఆకాశం కాదు, పక్కింటి చార్జరు.

వస్తువు సంగతికొస్తే, బీహెచ్‌ఐ ఇంగ్లండ్‌లో బర్జెస్ హిల్ అనే ఊళ్ళో ఉన్న కంపెనీ, నేను వాడేది ఎన్ఈఎస్10-2 మార్క్ 4. రిగ్ వెనక ఎక్స్‌టర్నల్ స్పీకర్ సాకెట్‌కి పెట్టి 12 వోల్టులిస్తే చాలు, రిగ్ విప్పే పని లేదు. లోపల డీఎస్పీ (ధ్వనిని అంకెలుగా మార్చి లెక్కలతో శుభ్రం చేసే చిప్) ఉంది, నాయిస్ ఎంత తగ్గాలో మనమే లెవెల్స్‌లో మార్చుకోవచ్చు, వద్దనుకుంటే బైపాస్. స్థూలంగా ఈ రకం డీఎస్పీ చేసేదేంటంటే, మాట అక్షరం అక్షరానికీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, సర్రుమనే హిస్ మాత్రం ఒకేలా పోతూ ఉంటుంది, ఆ తేడా పట్టుకుని హిస్‌ని నొక్కేస్తుంది.

అసలు విషయం లెవెల్ దగ్గరుంది. పొద్దున నెట్‌లో (హ్యామ్‌లంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునేది) హైదరాబాద్ స్టేషన్ ఓ మోస్తరుగా వస్తున్నప్పుడు కింది లెవెల్లో పెట్టి వింటే హిస్ వెనక్కి జరిగిపోయి గొంతు ముందుకొస్తుంది, మనిషి ఎవరో గొంతుని బట్టి గుర్తుపట్టొచ్చు. బాగుంది కదా అని పైకి పెంచుకుంటూ పోతే నాయిస్ దాదాపు పోతుంది గానీ మాట బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు అయిపోతుంది, పైగా కాల్‌సైన్‌లో (స్టేషన్ గుర్తు పేరులో) ఎస్ అన్నాడా ఎఫ్ అన్నాడా తెలియదు. ఎందుకంటే ఎస్ఎస్‌బీలో (ఈ బ్యాండ్ మీద మాట పంపే పద్ధతి) మనకొచ్చేదే సుమారు 300 నుంచి 2700 హెర్ట్జ్ దాకా, ఎస్‌నీ ఎఫ్‌నీ విడదీసే భాగం అసలే ఆ పై అంచులో, దాటి కూడా ఉంటుంది, మిగిలిన ఆ కొంచెం హిస్‌లాగే ఉంటుంది కాబట్టి డీఎస్పీ దాన్నీ తినేస్తుంది. ఇది ఈ స్పీకర్ ఒక్కదాని లోపం కాదు, ఏ డీఎస్పీ నాయిస్ రిడక్షన్‌కైనా ఉండేదే. అందుకే నేను కింది లెవెల్స్ దాటను, కాల్‌సైన్ రాసుకునేటప్పుడు బైపాస్ కూడా చేస్తా.

ఎండాకాలం మబ్బులు పట్టినప్పుడు వచ్చే పటపటలకి మాత్రం ఇది పెద్దగా పనిచెయ్యదు. పొట్టి చిటపటనైనా రిగ్ లోపలి క్రిస్టల్ ఫిల్టర్‌కి ముందే కొయ్యాలి, అది రిగ్‌లో నాయిస్ బ్లాంకర్ (చిటపట వచ్చిన క్షణం సిగ్నల్‌ని ఆపేసే సర్క్యూట్) పని, స్పీకర్ దాకా వచ్చేసరికి ఆ దెబ్బ సాగిపోయి వెడల్పయిపోతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, పక్క ఫ్రీక్వెన్సీ మీద ఎవరైనా బలంగా వస్తే రిగ్‌లో ఏజీసీ (గెయిన్‌ని తనంతట తనే సర్దే సర్క్యూట్) గెయిన్ తగ్గించేస్తుంది, మన బలహీన స్టేషన్ కూడా దాంతోపాటే మునుగుతుంది. ఆడియో ఫిల్టర్ ఎంత మంచిదైనా ఏజీసీ తర్వాత కూర్చుంటుంది కాబట్టి ఆ గొంతుని తిరిగి తేలేదు. ఐఎఫ్ ఫిల్టర్ (ఏజీసీకి ముందుండే ఫిల్టర్) సన్నగా ఉన్న రిగ్ అయితేనే అక్కడ గట్టెక్కుతాం.

సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) ఆడేవాళ్ళకి దీనికంటే 700 హెర్ట్జ్ దగ్గర సన్నటి ఫిల్టర్ మేలని నా ఉద్దేశం. 2500 హెర్ట్జ్ వెడల్పుని 250కి కుదిస్తే హిస్ పవర్ 10 డీబీ తగ్గుతుంది, ఏ డీఎస్పీ మాయా అక్కర్లేదు. మరీ సన్నం చేస్తే డాట్లు గంటలా మోగుతూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, చూసుకోండి.

హైదరాబాద్ హెచ్‌ఎఫ్ సిగ్నల్స్ కంపెనీ వాళ్ళ మైక్రోబిట్‌ఎక్స్ లాంటి రేడియో బోర్డు మీద నేర్చుకుంటున్న కుర్రాళ్ళు ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు. వాల్యూమ్ కంట్రోల్‌కి ముందు 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 0.056 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సుమారు 2.8 కిలోహెర్ట్జ్ పైన హిస్ మెల్లగా వాలుతుంది, కాఫీ డబ్బులతో అయిపోతుంది. వాలు తక్కువే, అయినా చెవికి తేడా తెలుస్తుంది.

స్పీకర్ కొనేవాళ్ళు షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ కలుపుకుని లెక్క వేసుకోండి. కొనేముందు రిగ్ బ్యాటరీ మీద పెట్టి ఇంట్లో మెయిన్ ఆపి ఒక్కో బ్రేకరూ వేస్తూ మీటరు చూడండి, ఏ గదిలో నాయిస్ పుడుతుందో దొరుకుతుంది, ఆ అడాప్టర్ వైరుని మిక్స్ 31 అనే రకం ఫెర్రైట్ కోర్ (నాయిస్‌ని ఆపే రింగు) చుట్టూ చుట్టండి. ఆ తర్వాత కూడా మిగిలేది పక్కిళ్ళ నాయిస్, దానికే ఈ స్పీకర్. దీనికిచ్చే 12 వోల్టులు కూడా బ్యాటరీ నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత పవర్ సప్లై నుంచో ఇవ్వండి, సెల్‌ఫోన్ చార్జర్ లాంటి చవక అడాప్టర్ పెడితే అదే ఇంకో నాయిస్ మొదలెడుతుంది.