విజయవాడ నుంచి డాలస్: గన్నవరంలో ఎక్కాలా, శంషాబాద్ వెళ్లాలా?

పిల్లలు డాలస్‌లో, పెద్దవాళ్లు విజయవాడలో ఉన్న ఇళ్లలో టికెట్ తీసే ముందు ఈ గొడవ తప్పదు. బెంజ్ సర్కిల్ నుంచి ముప్పావు గంటలో గన్నవరం ఉండగా, ఐదు గంటలు కారులో కూర్చుని శంషాబాద్ దాకా పోవడం దేనికని నాన్నగారి ప్రశ్న.

కిలోమీటర్ల లెక్క చూస్తే ఆయన మాటే నెగ్గుతుంది. గన్నవరం నుంచి ఢిల్లీ సుమారు 1,390, ఢిల్లీ నుంచి షికాగో 12,000, అక్కణ్నుంచి డాలస్ 1,290. మొత్తం 14,700 లోపే. శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,940 కలిపితే దాదాపు 15,500. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పున, డాలస్ 97 డిగ్రీల పడమర ఉన్నాయి, అంటే భూగోళానికి ఇంచుమించు అటూ ఇటూ. దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది కాబట్టి దుబాయ్ మీదుగా వెళ్తే చుట్టే.

అయినా నా ఓటు శంషాబాద్‌కే. దుబాయ్‌కి నాలుగు గంటలు, ఆ తర్వాత పదహారు గంటలు. మధ్యలో మారాల్సింది ఒక్కసారే. ఒకే టికెట్ అయితే బ్యాగులు మళ్లీ డాలస్‌లోనే కనిపిస్తాయి, ఇమిగ్రేషన్ కూడా అక్కడే. ఢిల్లీ దారిలో రెండుసార్లు మారాలి. పైగా అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ కాబట్టి, షికాగోలో బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. క్యూ పెద్దదైతే డాలస్ విమానం అందుతుందో లేదోనని టెన్షన్. ఇంగ్లిష్ అంతగా రాని అమ్మకు అదంతా అవసరమా?

2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన సర్వీసులకు చుట్టు పెరిగింది. గల్ఫ్ దారికీ బెడద లేకపోలేదు, అదే ఏడాది జూన్‌లో కతార్ కొన్ని గంటలపాటు తన ఆకాశాన్ని మూసింది.

గన్నవరం నుంచి శంషాబాద్‌కు గంట విమానం ఉందిగా అంటారా? విడి టికెట్ తీస్తే దేశీయ విమానంలో మామూలుగా 15 కిలోలే. అమెరికా టికెట్‌కు సాధారణంగా 23 కిలోల బ్యాగులు రెండు. మనిషికి 46 కిలోలు సర్ది, ఆవకాయ జాడీకి మూడు కవర్లు చుట్టి, గన్నవరం కౌంటర్లో అదనపు బరువుకు డబ్బు కట్టడం ఎందుకు? చేతిసంచిలో పెడదామంటే ఊరగాయ సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది. కారు డిక్కీలో ఆ బాధ లేదు.

ఒంటరిగా, ఒక్క బ్యాగుతో, అదీ న్యూయార్క్ వెళ్లే కుర్రాడికైతే గన్నవరం–ఢిల్లీ నిక్షేపంలా సరిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఢిల్లీలో బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటాకే గన్నవరం విమానం ఎక్కాలి.

శంషాబాద్ వెళ్లేవాళ్లు సంక్రాంతి రోజుల్లో ఐదు గంటల లెక్క నమ్ముకోవద్దు. పండగ ముగిసి జనం హైదరాబాద్‌కు తిరిగేటప్పుడు పంతంగి టోల్ దగ్గర బారులు తీరతాయి, ముందురోజే బయల్దేరండి.