లైబ్రరీ పాత్ ఎక్కడ రాయాలి: ఎన్విరాన్‌మెంట్ వేరియబులా, ప్రాపర్టీ షీటా?

మాదాపూర్‌లో మా టీమ్‌లోకి ఎవరు కొత్తగా చేరినా ఈ చర్చ మొదలవుతుంది. విజువల్ స్టూడియోలో సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టుకి బయటి లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) ఏ ఫోల్డర్‌లో ఉందో, అంటే దాని పాత్ ఏమిటో చెప్పాలి. సీ డ్రైవ్ నుంచి పూర్తి పాత్ రాసేస్తే మన మెషీన్ దాటి బిల్డ్ కాదు, కాబట్టి దాని ఊసే వద్దు.

విండోస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే మెషీన్‌లో ఒక పేరు కింద దాచే విలువ, పెట్టడం తేలిక. ఎవరు ఏ డ్రైవ్‌లో లైబ్రరీ పెట్టుకున్నా ప్రాజెక్టు ఫైల్ మారదు. కానీ విలువ మార్చాక విజువల్ స్టూడియో మూసి మళ్లీ తెరవాలి. అసలు చిక్కు ఇంకోటుంది. వేరియబుల్ పెట్టడం మరిచిపోతే ఆ చోటు ఖాళీ అయిపోతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. హెడర్ ఫైల్ దొరకలేదన్న ఎర్రర్ చూసి, అమీర్‌పేటలో కోర్సు ముగించుకుని అప్పుడే వచ్చిన కుర్రాడు కోడ్‌లో తప్పు వెతుకుతూ టెన్షన్ పడతాడు.

ప్రాపర్టీ షీట్ అంటే ప్రాజెక్టు సెట్టింగ్‌లు ఉండే ప్రాప్స్ ఫైల్. అందులో యూజర్ మాక్రో (మనం పేరు పెట్టుకున్న విలువ) రాస్తే, ఆ ఫైల్ కోడ్‌తో పాటే గిట్‌లో, అంటే టీమ్ అంతా కోడ్ పంచుకునే చోట ఉంటుంది. లైబ్రరీ కూడా అక్కడే ఉంటే క్లోన్ చేస్తే (మొత్తం కాపీ తెచ్చుకుంటే) చాలు. అయితే పాత్‌ని సొల్యూషన్‌డిర్ (సొల్యూషన్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ని చూపే మాక్రో) మీద కట్టకండి. కమాండ్ లైన్ నుంచి బిల్డ్ చేసే ఎంఎస్‌బిల్డ్‌తో ఒక్క ప్రాజెక్టునే బిల్డ్ చేస్తే దానికి సరైన విలువ రాదు. ప్రాజెక్టు ఫైల్ ఉన్న ఫోల్డర్‌ని చూపే ప్రాజెక్ట్‌డిర్ నయం. దాని చివర బ్యాక్‌స్లాష్ ముందే ఉంటుంది, మనం మళ్లీ పెట్టక్కర్లేదు. అనుమానం వస్తే పాత్ ఎడిట్ చేసే విండోలో మాక్రోస్ బటన్ నొక్కండి, ఏ పేరుకి ఏ విలువో కనిపిస్తుంది.

నా ఓటు ప్రాపర్టీ షీట్‌కే. అయితే వల్కన్ ఎస్‌డీకే (గ్రాఫిక్స్ ప్రోగ్రాములు రాయడానికి వాడే కిట్) లాంటిది ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే తన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకుంటుంది. అలాంటి చోట దాన్నే వాడుకోవాలి.