వరంగల్ యాత్రలో బేరింగ్ బిల్లు

వరంగల్, రామప్ప, లక్నవరం ఒక్క ఊపులో చూడాలంటే సొంత బండే సుఖం. కానీ ఆ బండి దారిలో మొండికేస్తే హన్మకొండలో ఎక్కడ చూపించాలి, ఎంత అడిగితే న్యాయం అన్నది ఏ టూరిజం బోర్డు మీదా రాసి ఉండదు. ఈసారి మాకు గుడుల కంటే ఆ సంగతే ఎక్కువ తెలిసొచ్చింది.

హైదరాబాద్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే పెంబర్తి దాటాక ముందు చక్రం దగ్గర గుయ్యిమని ఒకటే రొద. అరవై దాటితే పెరుగుతోంది. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ఇంకా ఎక్కువ, కుడికి తిప్పితే తగ్గుతోంది. హన్మకొండ చేరగానే మా బండి కంపెనీ వాళ్ల సర్వీస్ సెంటర్‌కే పోయాం. ఏసీ గది, కాఫీ, ట్యాబ్ పట్టుకున్న సర్వీస్ అడ్వైజర్, మర్యాదకు లోటు లేదు. బండిని రోడ్డు మీద నడిపి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. కాసేపటికి ఎస్టిమేట్ ఫోన్‌కొచ్చింది: రూ.11,530.

అందులో ఏముందో చూడండి. ముందు చక్రాలు సాఫీగా తిరగడానికి ఉండే బేరింగ్‌లు రెండూ కలిపి రూ.3,480, లేబర్ రూ.2,600, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌లకు రూ.1,150. ఇంతవరకు మాట్లాడుకోవచ్చు. మిగతా రూ.4,300 ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం), ఏసీ డిసిన్‌ఫెక్షన్, ఇంజిన్‌కు గాలి అందించే థ్రాటిల్ బాడీ క్లీనింగ్‌లకట. రొదకూ వీటికీ ఏం సంబంధమని అడిగితే "రికమెండెడ్ సార్, వద్దంటే తీసేస్తాం" అన్నాడు. వద్దంటే పోయేవాటిని అడక్కుండా చేర్చడం దేనికో! పార్టు ధరలో మాత్రం మోసం లేదు. ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిసిన ధర, వీళ్లూ అంతే వేశారు. ఎక్కడైనా డబ్బా మీద ధర వేసి, దాని పైన మళ్లీ జీఎస్టీ కలిపితే అక్కడికక్కడే నిలదీయొచ్చు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

లాడ్జి కౌంటర్‌లో కుర్రాడు చెబితే ములుగు రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డుకు పోయాం. అక్కడి మెకానిక్ అన్న ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి ఒక రౌండు తిప్పొచ్చాడు. తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని ఒక చేత్తో గిరగిరా తిప్పుతూ రెండో చేయి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టాడు. నా చేయి కూడా పెట్టమన్నాడు. కుడి చక్రం తిరుగుతుంటే స్ప్రింగ్‌లో గరగర వేళ్లకు తెలుస్తోంది, ఎడమవైపు ఏమీ లేదు. "కుడి దిక్కుదే పోయింది సార్. అటుదిక్కుది మంచిగనే ఉన్నది, ఊకెనే ఎందుకు మారుస్తరు?" అన్నాడు.

బేరింగ్ నన్నే తెచ్చుకోమన్నాడు. స్పేర్ పార్టుల షాపులో కంపెనీ సీలున్న డబ్బా ఎమ్మార్పీ మీద కొంచెం తగ్గించి రూ.1,650కి ఇచ్చారు, బిల్లుతో సహా. ఒరిజినల్ పార్టులు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కేసు తర్వాత కోర్టులకెక్కింది. మా వరకైతే పార్టు కౌంటర్ మీదే దొరికింది.

షెడ్డులో బేరింగ్‌ను నొక్కి ఎక్కించే ప్రెస్ లేదు. బేరింగ్ కూర్చునే నకిల్ భాగం విప్పి బైకు మీద పెట్టుకుని లేత్ షాపుకు పోయి బేరింగ్ ఎక్కించుకొచ్చాడు. లేబర్ రూ.800. పాత బేరింగ్ అడక్కముందే చేతిలో పెట్టాడు. గ్రీజు నల్లబడి, లోపలి రింగు మీద పొక్కులు లేచి ఉన్నాయి. అలైన్‌మెంట్ తప్పకుండా చూపించుకోమన్నాడు, టైర్ల షాపులో దానికి రూ.400. అంతా కలిపి రూ.2,850.

అలాగని షెడ్డే గొప్ప అని తేల్చేయలేను. లేబర్‌కు రసీదు లేదు, గ్యారంటీ అంతా నోటిమాటే. రేపు మళ్లీ రొద వస్తే హైదరాబాద్ నుంచి అతని దగ్గరికి పోలేను కదా. వారంటీలో ఉన్న బండైనా, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగినా నేను షోరూంకే పోతాను. లేబర్ ఎక్కువన్నది కూడా నా ఫిర్యాదు కాదు, ఆ జీతాలూ అద్దెలూ ఎక్కడో తేలాలి. చక్రం ముట్టుకోకుండానే బిల్లు కట్టిన తీరే నచ్చలేదు.

బండి షెడ్డులో ఉన్నంతసేపు ఆటోలో తిరిగాం. భద్రకాళి గుడికి బేరం ఆడాల్సి వచ్చింది, వెయ్యి స్తంభాల గుడికి ఆడలేదు. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ గుడికి ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని రాయి రాయీ విప్పి, ఏళ్లు పట్టినా మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. తప్పక చూడండి. చౌరస్తా దగ్గరి మా లాడ్జి గది ఇరుకే, కానీ శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి, పార్కింగ్‌కు వేరే అడగలేదు.

మర్నాడు రామప్ప. ములుగు ముందర గట్టమ్మ దగ్గర అందరిలాగే మేమూ బండి ఆపి కొబ్బరికాయ కొట్టాం. ములుగు దాటాక హైవే వదిలి ఎడమకు తిరిగితే పాలంపేట. 1213 నాటి శాసనం, రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు, ఇవన్నీ చదివే పోయాం. అయినా ఆ నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) ముందు పిల్లలు కూడా ఫోన్లు జేబులో పెట్టారు. గైడ్‌ను పెట్టుకుంటే డబ్బు దండగ కాదు, ముందే రేటు మాట్లాడుకోండి.

లక్నవరం చెరువులో వేలాడే వంతెన మీద ఆదివారం జనం కిక్కిరిసి ఉంటారు, వీలైతే మామూలు రోజున పోండి. ములుగు దాటాక రిపేరు షాపులు పలచబడతాయి కాబట్టి టైర్లలో గాలి ములుగులోనే పట్టించుకోండి. నైట్రోజన్ కొట్టమంటారా అని అడుగుతారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే, అది చాలనండి.