కడిగి ఉంచడమా, తీసి మళ్లీ వేయడమా?

మోకాలి మార్పిడి అయిన ఐదో నెలలో మా పిన్నికి కాలు మళ్లీ వాచింది. జ్వరం లేదు, చీము లేదు, నొప్పి మాత్రం వదల్లేదు. వనస్థలిపురంలో ఇంటి దగ్గరి క్లినిక్‌లో కీలులోంచి నీరు తీసి పరీక్షించకుండానే యాంటీబయాటిక్ రాసిచ్చారు. అలా రెండు నెలలు గడిచాయి. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, మార్చిన కీలులో ఇన్ఫెక్షన్ చేరిందని తేల్చి రెండు దారులు చెప్పారు. ఒకటి, కీలు తెరిచి, పాడైన కండ తీసి, బాగా కడిగి, మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహపు భాగాలను అలాగే ఉంచడం. రెండోది, మొత్తం తీసేసి, ఆ చోట తాత్కాలికంగా ఉండే, మందు కలిపిన సిమెంట్ దిమ్మ (స్పేసర్) పెట్టి, వారాల తరబడి మందులు ఇచ్చి, ఆ తర్వాత కొత్త కీలు వేయడం.

"ఒకసారి కడిగేస్తే పోదా నాన్నా?" అంది పిన్ని. ఇంట్లో అందరి మనసూ అటే ఉంది. ఒక్క ఆపరేషన్, తక్కువ ఖర్చు, త్వరగా నడక. నిజమే, సరైన సమయంలో చేస్తే ఆ దారే మేలు. ఆపరేషన్ అయిన నెలలోపు, లేదా లక్షణాలు మొదలై మూడు వారాలు దాటకముందు, కీలు ఎముకకు గట్టిగా పట్టి ఉంటే కడిగి కాపాడుకోవచ్చు. కానీ లోపల చేరిన బాక్టీరియా ఏదో, దాని జన్యువుల్లో ఏముందో కూడా చూడాలి.

స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా తరచుగా వాపు, ఎరుపు, జ్వరంతో బయటపడుతుంది. దాని జాతిదే అయిన స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ మన చర్మం మీద మామూలుగా బతికేదే. లోహం దొరికితే మాత్రం దాని మీద చప్పుడు లేకుండా స్థిరపడుతుంది. 'ఐకా' అనే జన్యువుల గుంపు ఉన్న రకాలు చక్కెర అణువుల గొలుసులాంటి జిగురును తయారుచేస్తాయి. ఐకా లేని కొన్ని రకాలు ప్రొటీన్లతోనే ఆ పని కానిస్తాయి. ఆ జిగురు పొరే బయోఫిల్మ్. దాని అడుగున బాక్టీరియా పెరుగుదల మందగిస్తుంది కాబట్టి, పెరిగే కణాలను చంపే మందులు అక్కడ సరిగా పనిచేయవు. పొర ముదిరేకొద్దీ కడిగినా లోహాన్ని వదలదు. 'మెక్-ఏ' జన్యువు కూడా ఉంటే మెథిసిలిన్ కుటుంబపు మందులు పనికిరావు.

ఈ పొర మీద కూడా పనిచేసే మందు రిఫాంపిసిన్. అవును, క్షయకు వాడే, మూత్రం నారింజ రంగులోకి మారే మందే. 1998లో వచ్చిన స్విస్ అధ్యయనంలో, స్టాఫిలోకాకస్ చేరిన లోహపు భాగాలను తీయకుండా కడిగి, సిప్రోఫ్లాక్ససిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో పాటు దీన్ని పూర్తి కాలం వాడిన 12 మందిలో 12 మందికీ నయమైంది. రిఫాంపిసిన్ లేకుండా వాడిన 12 మందిలో ఏడుగురికే నయమైంది. ఒక్కటే ఇస్తే మాత్రం 'ఆర్‌పీఓ-బీ' జన్యువులో చిన్న మార్పుతో స్టాఫిలోకాకస్ త్వరగా తప్పించుకుంటుంది. క్షయ బాక్టీరియాలో సీబీనాట్ పరీక్ష వెతికేది ఈ జన్యువులోని మార్పులనే. బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో రిఫాంపిసిన్‌కు ఎదురుగా 'రెసిస్టెంట్' అని ఉంటే, కడిగి ఉంచే దారికి ఉన్న పెద్ద ఆసరా పోయినట్టే.

పిన్ని రిపోర్టులో వచ్చింది ఎపిడెర్మిడిస్, మెథిసిలిన్‌కు లొంగనిది. రిఫాంపిసిన్‌కు లొంగుతుంది, కానీ అప్పటికి రెండు నెలలు దాటిపోయాయి. అందుకే నేను రెండో దారి వైపే గట్టిగా నిలబడ్డాను. స్పేసర్‌తో వాకర్ పట్టుకుని నడవడం, బాత్రూంకి కూడా మనిషి తోడు కావాల్సి రావడం ఆమెకు చాలా కష్టమైంది. ఆ వారాలు తేలిగ్గా గడుస్తాయని ఎవరికీ చెప్పను. అయినా ముదిరిన పొర మీద కడిగి ఉంచి, అది విఫలమై మళ్లీ బల్ల ఎక్కడం ఇంకా కష్టం.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు పంపాల్సింది. ముందే మందు పడితే బాక్టీరియా కల్చర్‌లో పెరగకపోవచ్చు. ఆపరేషన్‌లోనూ పరీక్షకు ఒక్క కండ ముక్క చాలదు, వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు తీయాలి. నెమ్మదిగా పెరిగేవి బయటపడాలంటే కల్చర్‌ను 14 రోజుల వరకు ఉంచాలి. మీ ఇంట్లో ఎవరికైనా మార్చిన కీలు మళ్లీ వాస్తే, మొదటి మాత్ర వేసుకోకముందే "నీరు తీసి పంపారా?" అని డాక్టరుగారిని అడగండి.