సీసాల దారమా, పాత బట్టల దారమా: ఏది మేలు?

రీసైకిల్డ్ పాలిస్టర్‌తో చేసినదని చీటీ మీద రాసి ఉన్న చొక్కాను చూసినప్పుడు, ఎవరో తొడిగి వదిలేసిన పాత చొక్కాయే కొత్త రూపు దాల్చి వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది దాదాపు ఎప్పుడూ నీళ్లు తాగి పారేసిన సీసాయే. 2023లో ప్రపంచమంతటా తయారైన పీచు సుమారు 12.4 కోట్ల టన్నులని, అందులో 57 శాతం పాలిస్టరేనని టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ సంస్థ లెక్క కట్టింది. ఆ పాలిస్టర్‌లో ఎనిమిదో వంతు రీసైకిల్ చేసినది కాగా, అందులో దాదాపు 98 శాతం ప్లాస్టిక్ సీసాల నుంచి వచ్చింది. పాత బట్టల నుంచి, మిల్లుల్లో మిగిలిన ముక్కల నుంచి తిరిగి తీసిన పీచు, పత్తి, ఉన్ని, పాలిస్టర్ అన్నీ కలిపి చూసినా, మొత్తం ఉత్పత్తిలో ఒక శాతానికి లోపే ఉంది. దుస్తుల పరిశ్రమలో సుస్థిరత గురించి ఎన్ని మాటలు వినబడినా, ముందుగా చూడవలసినది ఈ అంకెలనే.

అందువల్ల ఇక్కడ మూడు దారులను పక్కపక్కన పెట్టి చూడదలిచాను: సీసాలను కరిగించి దారం తీయడం, పాత బట్టలను యంత్రంతో చీల్చి మళ్లీ వడకడం, పాత బట్టలను రసాయనంతో కరిగించి కొత్త పీచు తీయడం. మూడింటినీ ఒకే ప్రశ్నతో కొలుస్తాను. ఆ దారంతో నేసిన బట్ట చిరిగిపోయాక, దానితో మళ్లీ బట్ట నేయగలమా? నీటి ఖర్చు, విద్యుత్తు, కర్బన ఉద్గారాలు ముఖ్యమైనవే. అయినా ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే, మిగతా పొదుపంతా ఒక్కసారితోనే ముగిసిపోతుంది.

సీసాల దారికి ఉన్న బలం కాదనలేనిది. పెట్ అని పిలిచే సీసా ప్లాస్టిక్, పాలిస్టర్ దారం రసాయనికంగా ఒకే పదార్థం. పానీయంలోని గ్యాసు ఒత్తిడిని సీసా తట్టుకోవాలి కనుక దానికి వాడే పెట్‌లో అణువుల గొలుసులు దారానికి కావలసిన దానికంటే పొడవుగా ఉంటాయి. కరిగించేటప్పుడు అవి కొంత తెగినా దారం తీయడానికి ఇంకా సరిపోతాయి. సీసాలను రంగుల వారీగా ఏరి, మూతలు, చీటీలు తొలగించి, కడిగి, చిన్న పలుకులుగా నలగ్గొట్టి, తేమ లేకుండా ఆరబెట్టి, సుమారు 260 డిగ్రీల సెల్సియస్‌కు పైన కరిగించి, సన్నని రంధ్రాల గుండా నెడితే పోగు వస్తుంది. 1993లోనే పాటగోనియా కంపెనీ ఇలాంటి దారంతో చలి దుస్తులు తయారు చేసింది. ముడిచమురు నుంచి కొత్తగా తీసే పాలిస్టర్‌తో పోలిస్తే శక్తి వినియోగం తగ్గుతుంది, సరఫరా స్థిరంగా ఉంటుంది, నేత యంత్రాలలో మార్పు చేయవలసిన అవసరం ఉండదు.

లోపమంతా ఆ తరువాతి దశలో ఉంది. సీసా మళ్లీ సీసా కాగలదు, ఆ పని ఒకటి కంటే ఎక్కువ సార్లు జరగగలదు. పానీయాల పెట్ సీసాలలో 2025 నాటికి 25 శాతం, అన్ని రకాల ప్లాస్టిక్ పానీయ సీసాలలో 2030 నాటికి 30 శాతం రీసైకిల్డ్ ప్లాస్టిక్ ఉండాలని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. అంటే సీసాల తయారీదారులకు కూడా అదే చెత్త కావాలి. దాన్ని దుస్తుల పరిశ్రమ తీసుకుని, రంగు అద్ది, పత్తితో కలిపి, పైపూతలు పూసి, గుండీలు కుట్టిన తరువాత, ఆ ప్లాస్టిక్ తిరిగి వచ్చే అవకాశం దాదాపు ఉండదు. దీనికి తోడు, సీసా నుంచి వచ్చినా ముడిచమురు నుంచి వచ్చినా పాలిస్టర్ పాలిస్టరే కనుక ఉతికిన ప్రతిసారీ సన్నని పోగులు రాలుతూనే ఉంటాయి; సముద్రాలలో చేరుతున్న ప్రాథమిక సూక్ష్మ ప్లాస్టిక్‌లో, అంటే మొదటి నుంచీ సన్నని కణాలుగానే బయటపడే ప్లాస్టిక్‌లో, సుమారు 35 శాతం కృత్రిమ దుస్తుల ఉతుకు నుంచే వస్తోందని 2017లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ అంచనా వేసింది. ఇన్ని చెప్పినా, నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఈ దారిలో దుస్తుల పరిశ్రమ వేరొక పరిశ్రమ చెత్తను శుభ్రం చేస్తున్నానని చెప్పుకుంటుంది, తాను పుట్టించిన చెత్త మాత్రం ఎక్కడిది అక్కడే ఉండిపోతుంది. చిలీలోని అటకామా ఎడారిలో గుట్టలుగా పడి ఉన్నవి సీసాలు కావు, దుస్తులు.

రెండో దారి పాతదే. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బాట్లే అనే ఊళ్లో, 1813 ప్రాంతంలో బెంజమిన్ లా అనే వ్యక్తి ఉన్ని పేలికలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడికే పద్ధతిని నిలబెట్టాడు. ఇటలీలోని ప్రాటో, భారతదేశంలోని పానిపట్ ఈనాటికీ ఆ పని మీదే పేరు నిలుపుకున్న పట్టణాలు. పాత ఉన్ని దుస్తులను రంగుల వారీగా ఏరి, లైనింగ్, గుండీలు, జిప్పులు తీసేసి, ముళ్ల సిలిండర్లున్న యంత్రంలో చీల్చి, ఏకి, వడుకుతారు. రంగుల ఏరివేత నేర్పుగా జరిగితే మళ్లీ అద్దకం అవసరమే ఉండదు. దుస్తుల తయారీలో నీటిని అన్నిటికంటే ఎక్కువగా పాడు చేసే దశలలో అద్దకం ఒకటి కనుక ఈ పొదుపు చిన్నది కాదు. ఉన్ని విషయంలో ఈ పద్ధతికి సాటి మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

పత్తి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. పత్తి విలువ పింజ పొడవులో ఉంది. తొడిగి, ఉతికి, అరిగిన బట్టను యంత్రం చీల్చినప్పుడు పింజ ముక్కలవుతుంది, కొంత పొడిగా రాలిపోతుంది. పొట్టి పింజతో వడికిన నూలు బిరుసుగా, బలహీనంగా ఉంటుంది కనుక దానిలో కొత్త పత్తి కలపక తప్పదు. జీన్స్ వంటి ముతక బట్టకు ఇది సరిపోతుంది. సన్నని చొక్కా గుడ్డకు సరిపోదు. కత్తిరింపు బల్లల మీద మిగిలే కొత్త ముక్కలు మాత్రం ఇందుకు బాగా పనికొస్తాయి, ఎందుకంటే వాటి పింజ అరగలేదు, వాటిలో ఏ పీచు ఎంత ఉందో మిల్లుకు ముందే తెలుసు. దుస్తుల కర్మాగారాలున్న ప్రతి చోటా ఆ ముక్కలు దొరుకుతాయి. వాటిని ఏరి ఉంచకుండా అన్నిటినీ ఒకే కుప్పలో పోసి అమ్మేయడం, చేతికి అందిన మంచి ముడిసరుకును పాడు చేసుకోవడమే.

మూడో దారిలో కొత్తదనమంతా ఉంది, కష్టమంతా కూడా అక్కడే ఉంది. పత్తి అంటే దాదాపు శుద్ధమైన సెల్యులోజ్. అరిగిన పత్తి బట్టను రసాయనాలతో గుజ్జుగా మార్చి, ఆ గుజ్జును కరిగించి, పోగులుగా తీస్తే, వాడిన రసాయనాన్ని బట్టి విస్కోస్ గాని, లయోసెల్ గాని అనే పీచు వస్తుంది. పింజ ఎంత తెగినా ఫరవాలేదు, ఎందుకంటే ఇక్కడ పీచును కొత్తగా పోస్తున్నారు. ఈ రెండింటిలో ఏది ఎన్నుకుంటామన్నది చాలా ముఖ్యం. విస్కోస్‌కు కార్బన్ డైసల్ఫైడ్ కావాలి. దాని ఆవిరి పీల్చిన కార్మికుల నరాలు దెబ్బతిన్న చరిత్ర సుదీర్ఘమైనది, బాధాకరమైనది. లయోసెల్‌లో వాడే ఎన్‌ఎమ్‌ఎమ్‌ఓ అనే ద్రావణిని 99 శాతానికి పైగా తిరిగి పట్టుకుని మళ్లీ వాడతారు. ఆస్ట్రియాలోని లెన్జింగ్ కంపెనీ 2017లోనే పత్తి ముక్కల గుజ్జు కలిపిన లయోసెల్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. కాబట్టి పాత పత్తిని కరిగించామని చెప్పడంతోనే సంతృప్తి పడకుండా, దేనిలో కరిగించారో కూడా అడగాలి.

పాలిస్టర్‌ను కరిగించే తీరు వేరు. దాన్ని తిరిగి మొదటి అణువుల దాకా విడగొట్టి, శుద్ధి చేసి, మళ్లీ గొలుసు కడతారు. అలా వచ్చిన పాలిస్టర్ కొత్తదానితో సమానంగా ఉంటుంది, రంగు, మలినం ఏవీ మిగలవు. గ్లైకాలు, మిథనాలు వంటి రసాయనాలతో విడగొట్టడం పాత పద్ధతి. ఫ్రాన్సుకు చెందిన కార్బియోస్ ఎంజైములతో ఆ పని చేస్తోంది. 10 గంటల్లో పెట్‌ను కనీసం 90 శాతం విడగొట్టే ఎంజైమును 2020లో నేచర్ పత్రికలో ఆ పరిశోధకులు వివరించారు. ఇక పత్తి, పాలిస్టర్ కలిసిన బట్ట ఎవరికీ కొరుకుడు పడని సమస్య. హాంకాంగ్‌లోని వస్త్ర పరిశోధన సంస్థ 2017లో ప్రకటించిన పద్ధతిలో వేడి, నీరు, కొద్దిపాటి ఆమ్లంతో పత్తి భాగాన్ని పొడిగా రాలగొట్టి, పాలిస్టర్‌ను పీచుగానే విడదీస్తారు. చూడముచ్చటైన ఆలోచనే. కాని ఆ పత్తి ఇక నూలు కాదు, పొడి.

సాంకేతికత ఉన్నంత మాత్రాన పని జరగదని చెప్పడానికి రీన్యూసెల్ అనుభవం చాలు. స్వీడన్‌లోని సుండ్స్‌వాల్‌లో 2022లో ఏడాదికి 60,000 టన్నుల సామర్థ్యంతో ఆ కంపెనీ కర్మాగారం తెరిచింది. అరిగిన పత్తి దుస్తుల నుంచి నాణ్యమైన గుజ్జు తీయగలనని నిరూపించింది. అనుకున్నన్ని ఆర్డర్లు రాలేదు. 2024 ఫిబ్రవరిలో దివాలా ప్రకటించింది. తరువాత అది చేతులు మారి సర్క్యులోజ్ అనే పేరుతో కొనసాగుతోంది. ఈ గుజ్జు చెట్టు నుంచి తీసిన గుజ్జుకంటే ఖరీదైనది. ఆ అదనపు ఖర్చును భరించడానికి పీచు తయారీదారు, నేత మిల్లు, దుస్తుల కంపెనీ ఒక్కొక్కరూ పక్కవారి వైపు చూశారు. ఇలాంటి కర్మాగారానికి పొగడ్తల కంటే అయిదేళ్లకు రాసిచ్చిన కొనుగోలు ఒప్పందమే ఎక్కువ మేలు చేస్తుంది.

రెండో అడ్డంకి ఏరివేత. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి పాత బట్టలను విడిగా సేకరించడం తప్పనిసరి అయింది, కాబట్టి సరుకు పోగవుతుంది. ఆ సరుకును పీచు వారీగా విడదీయడానికి పరారుణ కాంతితో చదివే యంత్రాలున్నాయి. స్వీడన్‌లోని మాల్మోలో అలాంటి పెద్ద కేంద్రాన్ని నెలకొల్పారు. ఆ యంత్రం బట్ట పైపొరను మాత్రమే చదువుతుంది. ముదురు నలుపు రంగు కాంతిని మింగేస్తుంది, లైనింగ్ ఉన్న కోటు లోపల ఏముందో అది చూడలేదు. మరొక చిన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. వంద శాతం పత్తి అని రాసి ఉన్న చొక్కాను కూడా చాలావరకు పాలిస్టర్ దారంతోనే కుడతారు. నడుము పట్టీలో రెండు మూడు శాతం సాగే ఎలాస్టేన్ చేరిందంటే, మొత్తం గుజ్జు చేసే పని చిక్కుల్లో పడుతుంది.

ఈ మూడింటిలో ఏది మేలని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేను, అయితే తప్పించుకోను కూడా. ఉన్నికి యంత్రంతో చీల్చడమే మేలు. మరకలు, మిశ్రమాలు లేని కత్తిరింపు ముక్కలకు కూడా అదే. అరిగిన సన్నని పత్తికి లయోసెల్ దారి మేలు. వాన కోటు, ఆటల దుస్తులు వంటి పాలిస్టర్ తప్పనిసరైన వాటికి పాత పాలిస్టర్ నుంచి అణువుల దాకా విడగొట్టి తీసిన దారం మేలు; అది దొరికే దాకా సీసాల దారం ముడిచమురు దారంకంటే నయమే, కాని దాన్ని తాత్కాలిక ఏర్పాటుగా చెప్పాలే గాని, బట్ట నుంచి మళ్లీ బట్ట వచ్చే వలయం పూర్తయిందని చెప్పకూడదు. పత్తి, పాలిస్టర్ కలిపిన చవక చొక్కాకు మాత్రం ఈ మూడు దారులలో ఏదీ సరిగా పనికిరాదు. ఆ గుడ్డను నేయకపోవడమే దానికి మందు. కాదు, తప్పదంటే దాన్ని ఎక్కువ కాలం తొడగాలి: ఒక దుస్తును మరో 9 నెలలు వాడితే దాని కర్బన, నీటి, వ్యర్థాల భారం 20 నుంచి 30 శాతం తగ్గుతుందని వ్యర్థాల తగ్గింపుకు పనిచేసే బ్రిటన్‌లోని వ్రాప్ సంస్థ లెక్క కట్టింది, ఆ పనికి కర్మాగారం ఏదీ అక్కర్లేదు.

కొనుగోలు బాధ్యతలో ఉన్నవారు సరఫరాదారును మొదట అడగవలసిన ప్రశ్న చిన్నదే: ఇది ఏ చెత్త నుంచి వచ్చింది? గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ ధ్రువపత్రం 20 శాతం రీసైకిల్డ్ పీచు ఉంటేనే దొరుకుతుంది, ఆ గుర్తును బట్ట చీటీ మీద వేయడానికి కనీసం 50 శాతం ఉండాలి. ఆ అంకె పీచు ఎంతో చెబుతుంది గాని, వచ్చింది సీసా నుంచో చొక్కా నుంచో వాడేవారికి చెప్పదు. రెండో ప్రశ్న రూపకర్తకు: కుట్టుకు వాడిన దారం ఏది? బెల్జియంలోని రిసార్టెక్స్ కంపెనీ అధిక వేడిలో కరిగిపోయే కుట్టుదారాన్ని తయారు చేస్తోంది. పాత చొక్కాను దానికి తగిన పొయ్యిలో పెడితే గుండీలు, జిప్పులు, చీటీలు వాటంతటవే ఊడి వస్తాయి, గుడ్డ ముక్కలు ముక్కలుగా శుభ్రంగా విడిపోతాయి. ఆ చొక్కాను రేపు ఏ దారిలో పంపినా, ఏరివేత బల్ల దగ్గర కూర్చున్న మనిషికి కత్తెరతో పని ఉండదు.