మనిషికంటే ముందు రోదసిలోకి: కుక్కా, చింపాంజీయా?

మనిషిని రోదసిలోకి పంపే ముందు సోవియట్ యూనియన్ కుక్కలను నమ్ముకుంది. అమెరికా మొదట కోతులను, తర్వాత చింపాంజీలను పంపింది. ఏది మేలైన ఎంపిక అన్నది ఏ ప్రశ్నకు జవాబు కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆ గాలిలేని చోట ప్రాణి శరీరం తట్టుకోగలదా అన్నది మొదటి ప్రశ్న. దానికి సోవియట్ శాస్త్రవేత్తలు మాస్కో వీధుల్లో చలికీ ఆకలికీ రాటుదేలిన, ఆరేడు కిలోల బరువుండే ఆడకుక్కలను తెచ్చేవారు. మూత్రానికి కాలెత్తే అలవాటు వాటికి ఉండదు కనుక ఇరుకైన గదిలో విసర్జనను సేకరించే ఏర్పాటు తేలికయ్యేది. కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కాలం నుంచీ కుక్క శరీరం పనిచేసే తీరు వారికి క్షుణ్ణంగా తెలుసు. 1960 ఆగస్టు 19న బయలుదేరిన బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు ఒక రోజుకు పైగా కక్ష్యలో తిరిగి క్షేమంగా దిగాయి. నాలుగో ప్రదక్షిణలో బెల్కా పెనుగులాడి వాంతి చేసుకుంది. రోదసిలోకి వెళ్ళిన తొలి మనిషి గగారిన్ ప్రయాణాన్ని ఒక్క ప్రదక్షిణకే పరిమితం చేయడానికి అది ఒక కారణమైంది.

భారం తెలియని స్థితిలో చేతులు బుద్ధి చెప్పినట్టు కదులుతాయా అన్నది రెండో ప్రశ్న. దీనికి కుక్క జవాబు చెప్పలేదు. 1961 జనవరి 31న అమెరికాలోని కేప్ కెనవెరాల్ నుంచి ఎగిరిన హామ్ అనే చింపాంజీ ఎదుట నీలిదీపం వెలిగిన ఐదు సెకన్లలో మీట నొక్కాలి, లేదంటే అరికాలికి కరెంటు షాక్. నేలమీద కంటే రవ్వంత ఆలస్యంగానే అయినా హామ్ మీట నొక్కుతూనే ఉంది. కానీ ఆ ప్రయాణం మొత్తం పదహారున్నర నిమిషాలే, అది కక్ష్యను చేరలేదు. అదే ఏడాది నవంబరు 29న ఎనోస్ అనే మరో చింపాంజీ రెండు ప్రదక్షిణలు చేసేటప్పటికి సోవియట్ వ్యోమగాములు గగారిన్, టిటోవ్ కక్ష్యలో తిరిగి వచ్చేశారు. పైగా మీట పాడై, సరిగా నొక్కినా ఎనోస్‌కు షాక్ తగిలింది. అయినా అది పని మానలేదు. తెలివైన ప్రాణిని ఎంచుకున్నందుకు బాధ కూడా అంత తెలివిగా అనుభవించింది అనిపిస్తుంది నాకు.

కాబట్టి కక్ష్యలో మనిషికి దారి వేసిన ఎంపికగా నేను కుక్కలవైపే మొగ్గుతాను, ఒక్క లైకా విషయంలో తప్ప. 1957 నవంబరు 3న తిరిగి రప్పించే ఏర్పాటే లేకుండా పంపిన లైకా కొన్ని గంటల్లోనే వేడికి తాళలేక చనిపోయింది. ఆ సంగతి 2002 దాకా బయటికి రాలేదు. ఆ కుక్కలకు శిక్షణ ఇచ్చిన ఒలెగ్ గజెంకో, ఒక కుక్క ప్రాణానికి సరిపడేంత ఆ ప్రయోగం నుంచి తాము నేర్చుకోలేదని 1998లో బాధపడ్డారు.